నెంబరు మాత్రం పోనీయకండి

ఈసారి వచ్చిన ఉత్తరాలు, మెయిళ్ళు చూస్తే సగానికి సగం ఒకటే గోల, ఇన్నాళ్ళూ ఫలానా దాంట్లో మాట్లాడుకునేవాళ్ళం, ఇప్పుడు వేరేదానికి మారాలి, ఎలా అని. అందుకే మిగతా ప్రశ్నలన్నీ (వైఫై అందని పెరటి గది, ఉబ్బిపోయిన పవర్ బ్యాంక్ వగైరా) వచ్చే నెలకి నెట్టేసి ఇవే తీసుకున్నా. పవర్ బ్యాంక్ వాళ్ళు మాత్రం వచ్చే నెల దాకా ఆగకండి, దాన్ని వాడటం ఆపేసి ఇవాళే ఇంట్లోంచి బయట పెట్టేయండి.

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. 2010 నుంచి ఇంట్లో ఇంటర్నెట్ ఫోన్ పెట్టె ఉంది, ఇండియాకి అన్‌లిమిటెడ్ అని తీసుకున్నాం. ఇప్పుడు అందరం వాట్సాప్‌లోనే మాట్లాడుకుంటున్నాం, బిల్లు మాత్రం ట్యాక్సులూ ఫీజులతో కలిపి నెలనెలా వస్తూనే ఉంది. మా వారు తీసేద్దాం అంటారు. కానీ బ్యాంకులో ఆ నెంబరే, పిల్లల డాక్టర్ దగ్గర ఆ నెంబరే, పైగా భీమవరంలో మా అత్తయ్యగారికి నోటికొచ్చిన నెంబరు అదొక్కటే. ఆవిడది బటన్ ఫోను, మిస్డ్ కాల్ ఇస్తే మేం తిరిగి చేస్తాం. చవకైన దానికి మారితే నెంబరు ఉంటుందా? పాత కంపెనీకి ఫోన్ చేసి క్యాన్సిల్ చేసేయమంటారా?

జవాబు: అమ్మా, ముందు ఆ ఫోన్ కింద పెట్టేయండి. క్యాన్సిల్ అనే మాట పాత కంపెనీ దగ్గర అస్సలు ఎత్తకండి. పత్రిక అచ్చయ్యేలోపే అనేసి ఉంటారేమో అని భయమేసి మీకు విడిగా మెయిల్ కూడా పెట్టాను.

ఎందుకింత కంగారంటే ఈ తప్పు నేనే దగ్గరుండి చేయించా. మా చెల్లెలు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉండేది, దానికీ మీలాగే ఓ పెట్టె ఉండేది, నేను ఇక్కణ్ణించి పెద్ద తెలిసినవాడిలా "పాతది తీసేయ్, కొత్తది పెట్టుకో, నెంబరు అడిగితే వాళ్ళే ఇస్తార్లే" అన్నా. అది శుక్రవారం క్యాన్సిల్ చేసింది. సోమవారం కొత్త కంపెనీవాళ్ళు ఆ నెంబరు ఇప్పుడు మీ పేరు మీద లేదు కదా, లేని నెంబరు మేం ఎక్కణ్ణించి తెస్తాం అన్నారు, పాత కంపెనీకి చేస్తే ఇక వెనక్కి రాదన్నారు. అంతే, పోయింది. ఇక్కడ మా నాన్న ఆ నెంబరుని వంటింటి గోడకున్న వెంకట్రామా క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకునేవాడు, జనవరిలో కొత్త క్యాలెండర్ రాగానే చేసే మొదటి పని ఆ పదకొండు అంకెలూ (దేశం కోడు ఒకటితో కలిపి) దాంట్లోకి దించడం. కొన్ని నెలలు పోయాక అలవాటుకొద్దీ దానికే చేస్తే అవతల ఎవరో స్పానిష్‌లో పలికారట. "మీ చెల్లి ఎవర్నో పనికి పెట్టుకున్నట్టుందిరా, తెలుగు రాదు" అన్నాడు.

కాబట్టి పద్ధతి ఏంటంటే, మీరు వెళ్ళాల్సింది కొత్త కంపెనీ దగ్గరికి. మా నెంబరు మీ దగ్గరికి పోర్ట్ చేసుకోండి అని వాళ్ళని అడగాలి, పాతవాళ్ళతో తంటాలు వాళ్ళే పడతారు. దానికి మీ పేరు, అడ్రసు, పాత ఖాతా నెంబరు, పిన్ ఇవ్వాలి, ఒక సంతకం ఫారం ఉంటుంది, చాలామంది పాత బిల్లు కాపీ కూడా అడుగుతారు. ఇక్కడే చాలా పోర్టులు ఆగిపోతాయి. పాత బిల్లులో ఏ పేరుందో, ఏ అడ్రసుందో అక్షరం తేడా లేకుండా అదే ఇవ్వాలి. 2010లో పెట్టుకున్నారంటే అప్పట్లో అపార్ట్‌మెంట్‌లో ఉండి తర్వాత ఇల్లు కొనుక్కుని ఉంటారు, పాత ఖాతాలో ఇంకా ఆ అపార్ట్‌మెంట్ అడ్రసే ఉంటే మీరు కొత్త ఇంటిది ఇస్తారు, వాళ్ళు రిజెక్ట్ చేస్తారు, మళ్ళీ మొదటికొస్తుంది. ముందు పాత ఖాతాలో లాగిన్ అయి చూసుకోండి. పేరు కూడా మీదా మీ వారిదా అన్నది చూడండి, మా చెల్లెలి ఇంట్లో కరెంటు బిల్లు ఒకరి పేరు, ఫోను ఒకరి పేరు.

పాత కంపెనీవాళ్ళు ఇవ్వం అనడానికి లేదు. అమెరికాలో ఎఫ్‌సీసీ (అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ) రూలు ప్రకారం మీరు వాళ్ళకి బాకీ ఉన్నా సరే నెంబరు ఆపకూడదు, బాకీ మాత్రం మీరు కట్టాల్సిందే అనుకోండి, అది వేరే సంగతి. మామూలు పోర్ట్ అయితే ఒక పనిదినంలో అయిపోవాలని కూడా రూలుంది, కానీ ఇలాంటి పెట్టె నెంబర్లకి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అప్పటిదాకా పాత పెట్టె ప్లగ్గులోనే ఉండాలి, బిల్లు కడుతూనే ఉండాలి. ఒక నెల రెండు బిల్లులూ కట్టినా నష్టం లేదు. బయటి ఫోన్ నుంచి ఇంటి నెంబరుకి చేస్తే కొత్తదే మోగుతోంది అని మీ చెవులతో విన్నాక, అప్పుడు పాత కంపెనీకి ఫోన్ చేసి ఖాతా మూయించండి. నెంబరు పోయినంత మాత్రాన ఖాతా దానంతట అదే మూసుకుపోతుందని అనుకోకండి.

ఇక దేనికి మారాలి అనేది. 2009లో వోనేజ్ అనే ఇంటర్నెట్ ఫోన్ కంపెనీవాళ్ళు నెలకి 24.99 డాలర్లకి ఇండియాతో కలిపి అరవై పైచిలుకు దేశాలకి ఎంతసేపైనా మాట్లాడుకోండి అని తెచ్చినప్పుడు మన వాళ్ళ ఇళ్ళల్లో అది పండగే, అంతకుముందు కాలింగ్ కార్డు గోక్కుని ఆ పిన్ నెంబరు నొక్కీ నొక్కీ వేళ్ళు అరిగిపోయినవాళ్ళకి దాని విలువ తెలుస్తుంది. ఇప్పుడు ఆ అన్‌లిమిటెడ్‌తో మీకు పని లేదు, అత్తయ్యగారి మిస్డ్ కాల్‌కి తిరిగి చేయడం తప్ప. ఊమా లాంటివాటిలో పెట్టె ఒకసారి కొనుక్కుంటే బేసిక్ ప్లాన్‌కి నెలనెలా ట్యాక్సులు, ఫీజులు మాత్రమే, ఇండియాకి చేస్తే విడిగా పడుతుంది. గోడ ఫోన్ అలాగే మోగాలి, ఇంట్లో పెద్దవాళ్ళు వచ్చినప్పుడు ఎత్తాలి అంటే అలాంటిది చూసుకోండి. అసలు పెట్టే వద్దు, సెల్‌లోనే మోగితే చాలు అంటే గూగుల్ వాయిస్. ఇండియాకి చేస్తే సెంట్ల లెక్కలోనే ఉంటుంది. కాకపోతే ఇంటి ఫోన్ నెంబర్లని అది నేరుగా తీసుకోదు, సెల్ నెంబర్లనే తీసుకుంటుంది, ఒక్కసారికి 20 డాలర్లు. అందుకని జనం ఏం చేస్తారంటే ఒక ప్రీపెయిడ్ సిమ్ కొని ముందు ఆ నెంబరుని ఆ సిమ్ మీదికి తెచ్చుకుని, అక్కడ స్థిరపడ్డాక గూగుల్ వాయిస్‌కి పంపిస్తారు. చుట్టు తిరుగుడే గానీ పనవుతుంది.

రెండు సంగతులు మర్చిపోవద్దు. ఒకటి 911, అంటే అక్కడి అత్యవసర నెంబరు. ఇంటర్నెట్ ఫోన్‌లో అంబులెన్స్‌వాళ్ళకి కనపడేది మీరు ఆ ఖాతాలో రాసిన అడ్రసే, కొత్త దాంట్లో ఇప్పటి ఇంటి అడ్రసు ఎక్కించాకే మిగతా పనులు. రెండోది, గూగుల్ వాయిస్ లాంటి నెంబర్లకి కొన్ని బ్యాంకులు ఓటీపీ పంపవు. మారడానికి ముందే బ్యాంకులో మీ సెల్ నెంబరు ఎక్కించేసుకోండి. ఇంట్లో దొంగల అలారం ఏదైనా ఈ ఫోన్ లైనుకి తగిలించి ఉంటే వాళ్ళకీ ఒక మాట చెప్పండి. నెట్ స్పీడ్ గురించి బెంగ వద్దు, ఒక కాల్‌కి అటూ ఇటూ వంద కేబీపీఎస్ చాలు, మీ ఇంట్లో పిల్లల గేమ్ ముందు అదెంత.

అత్తయ్యగారికి ఏమీ చెప్పకండి. ఆవిడకి ఏం మారిందో తెలియకపోతే మీరు సరిగ్గా చేసినట్టు.

ప్రశ్న: నేను రిటైర్డ్ హైస్కూల్ టీచర్‌ని, తెనాలి. మా అబ్బాయి సిడ్నీలో ఉంటాడు. 2008లో వాడు ఇంట్లో కంప్యూటర్ కొనిపెట్టి స్కైప్ నేర్పించాడు, ప్రతి ఆదివారం పొద్దున అందులోనే మాట్లాడుకునేవాళ్ళం. నాకు చూపు తక్కువ, సెల్‌ఫోన్‌లో ముఖం కనపడదు, పెద్ద తెర ఉండాలి. ఇప్పుడు స్కైప్ తెరుచుకోవట్లేదు. అందులో ఎప్పుడో వేసుకున్న కొద్ది డబ్బులు కూడా ఉండాలి.

జవాబు: మాస్టారూ, మీ కంప్యూటర్ తప్పేం లేదు. స్కైప్‌నే మూసేశారు. 2003లో మొదలైంది అది, రాసింది ఎస్టోనియా అనే బుల్లి దేశం ఇంజినీర్లు, తర్వాత ఈబే కొంది, 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లు పోసి కొంది, 2025 మే 5న షట్టర్ దించేసింది. మన ఊళ్ళల్లో వీడియో కాల్ అనే మాట రాకముందు "స్కైప్ చేస్తా" అనేవాళ్ళు గుర్తుందా, కాల్ వచ్చేటప్పుడు ఆ బుడుంగు బుడుంగు చప్పుడు వినపడగానే వంటింట్లోంచి చేతులు కొంగుకి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చేవాళ్ళు, నెట్ ఆగితే కొడుకు ముఖం నోరు తెరిచినట్టే బిగుసుకుపోయేది.

మైక్రోసాఫ్ట్ వాళ్ళు స్కైప్ వాళ్ళందర్నీ టీమ్స్ అనే దాంట్లోకి రమ్మన్నారు. స్కైప్‌లో పెట్టుకున్న ఈమెయిల్, పాస్‌వర్డ్‌తోనే అందులోకి వెళ్తే పాత పేర్లు, రాసుకున్న మెసేజీలు వస్తాయని చెప్పారు, అయితే వెళ్ళనివాళ్ళ సామాను 2026 జనవరి దాకానే ఉంచుతామని కూడా అప్పుడే చెప్పారు. పాత మెసేజీలు మీకు ముఖ్యమైతే ఒకసారి ప్రయత్నించి చూడండి, రాకపోతే వదిలేయండి. స్కైప్‌లోంచి మామూలు ఫోన్ నెంబర్లకి చేసుకునే సౌకర్యం ఉండేది కదా, ఉచిత టీమ్స్‌లో అది లేదు.

నన్నడిగితే మీకు టీమ్స్ వద్దు. అది ఆఫీసులవాళ్ళ మీటింగుల కోసం పుట్టింది, తెరవగానే ఎక్కడ నొక్కాలో నాకే తెలియదు. మీకు కావాల్సింది ఆదివారం పొద్దున ఒక్క బొమ్మ మీద నొక్కితే అబ్బాయి కనపడటం. గూగుల్ మీట్‌లో ఒక లింక్ తయారుచేసి దాన్నే ఎప్పటికీ వాడుకోవచ్చు, అబ్బాయిని ఆ లింకు మీ కంప్యూటర్ తెర మీద షార్ట్‌కట్‌గా పెట్టించమనండి, మీరు అది నొక్కుతారు, వాడు అదే లింకు అక్కడ నొక్కుతాడు. ఇద్దరే అయితే 24 గంటల దాకా ఆపదు, ముగ్గురైతే (అమ్మాయి ఇంకో ఊరి నుంచి కలిస్తే) గంటకి ఆపేస్తుంది, మళ్ళీ నొక్కితే సరి. ఇందులో ఒక చిక్కు ఉంది, స్కైప్‌లోలా ఈ లింకు మోగదు, ఇద్దరూ అనుకున్న టైముకి కూర్చోవాలి. మీకు ఎలాగూ ఆదివారం టైము ఉందిగా. కాకపోతే సిడ్నీలో అక్టోబర్ మొదటి ఆదివారం గడియారం గంట ముందుకి జరుపుతారు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. మీకు పొద్దున 8 అయితే వాడికి మామూలప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర, ఆ నెలల్లో ఒకటిన్నర. ఆ రెండు ఆదివారాల్లో అబ్బాయి రాలేదని కంగారు పడకండి.

డబ్బుల సంగతి. పాత ఖాతాలో లాగిన్ అయి అక్కడ ఏముందో అబ్బాయినే చూడమనండి. దయచేసి "స్కైప్ రిఫండ్ కస్టమర్ కేర్" అని గూగుల్‌లో వెతికి వచ్చిన నెంబరుకి ఫోన్ చేయకండి, అక్కడ ఎత్తేవాడు మీ చేత ఎనీడెస్క్ (మీ కంప్యూటర్‌ని దూరం నుంచి అవతలివాడి చేతికిచ్చే యాప్) ఎక్కించి స్కైప్‌లో ఉన్న నాలుగు డాలర్ల కోసం మీ పెన్షన్ ఖాతా ఊడ్చేస్తాడు. ఎవరైనా అప్పటికే చేసేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, తెల్లారనివ్వకూడదు.

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర ఊరు. మా ఆయన ముందుగాల సౌదీల ఉండె, ఇమోల మంచిగనే మాట్లాడుకునేటోళ్ళం. ఇప్పుడు కంపెనీ మారి దుబాయ్ పోయిండు. ఆడికెళ్ళి ఇమోల కాల్ కలుస్తలేదు, వాట్సాప్‌ల మెసేజ్ అస్తది గని కాల్ రాదు. రూముల దోస్తులు ఏదో వీపీఎన్ ఏసుకొమ్మంటున్రట. బోటిం అయితే నడుస్తది అంటే నేను ఎక్కించుకున్న, ఆయన గూడ ఎక్కించుకున్నడు, గని అండ్ల ఆయన పేరు నాకు కనవడ్తలేదు. ఏం జెయ్యాలె?

జవాబు: చెల్లెమ్మా, పేరు ఎందుకు కనపడట్లేదో ముందు చెప్తా, మిగతాది తర్వాత. నీ ఫోన్లో ఆయన పేరు మీద ఏ నెంబరు ఉందో చూడు. ప్లస్ 966తో మొదలైతే అది సౌదీ నెంబరు, ఇప్పుడు దుబాయ్‌లో ఆయన తీసుకున్న సిమ్‌ది వేరే. దుబాయ్ నెంబరు ప్లస్ 971తో మొదలవ్వాలి. ఇంకోటి, ఆయన అక్కడ తన నెంబరు సున్నా ఐదుతో మొదలుపెట్టి చెప్తాడు, అక్కడివాళ్ళు అట్లనే చెప్తారు, నువ్వు ఆ సున్నా తీసేసి ప్లస్ 971 పక్కన ఐదు నుంచి రాసుకోవాలి. సున్నా ఉంచితే ఏ యాప్‌లోనూ కనపడడు. ఆయన కూడా నీ నెంబరుని ముందు ప్లస్ 91 పెట్టి సేవ్ చేసుకోవాలి, ఉత్త పది అంకెలు ఉంటే ఆ ఫోను దాన్ని దుబాయ్ నెంబరు అనుకుంటుంది. ఆయన బోటిం ఏ నెంబరుతో తెరిచాడో అది కూడా అడుగు, సౌదీ సిమ్ ఇంకా జేబులో ఉండి దాంతో తెరిచుంటే నీకు కొత్త నెంబరు మీద దొరకడు. ఇవన్నీ సరిచేసి, యాప్‌కి కాంటాక్టులు చూసే పర్మిషన్ ఇచ్చి, ఒకసారి మూసి తెరువు. వస్తాడు.

ఇక కాల్ ఎందుకు కలవట్లేదంటే, నీ ఫోను, ఆయన ఫోను, రీచార్జ్ అన్నీ బాగానే ఉన్నాయి. యూఏఈ ప్రభుత్వం అక్కడ ఇంటర్నెట్‌లో మాట్లాడుకోవడానికి కొన్ని యాప్‌లకే అనుమతి ఇస్తుంది, వాట్సాప్ కాల్, ఇమో కాల్ ఆ లిస్టులో లేవు. మెసేజీలు, వాయిస్ మెసేజీలు పోతాయి, కాల్ పోదు. సౌదీలో కూడా ఒకప్పుడు ఇట్లనే ఉండేది, 2017 సెప్టెంబర్‌లో అక్కడ ఎత్తేశారు, అందుకే మీకు అక్కడ అలవాటైంది దుబాయ్‌లో ఆగిపోయింది. అనుమతి ఉన్నవాటిలో బోటిం ఒకటి, గోచాట్ ఒకటి, ఇంకా జూమ్, గూగుల్ మీట్, టీమ్స్ కూడా నడుస్తాయి. బోటిం ఏదైనా తేడా చేసిన రోజుకి గూగుల్ మీట్ కూడా ఇద్దరి ఫోన్లలో ఎక్కించి ఉంచుకోండి. ఆయన సిమ్ కంపెనీ వాళ్ళ షాపులో అడిగి ఇంటర్నెట్ కాలింగ్ ప్యాక్ ఏదైనా వేసుకోవాలో అక్కర్లేదో కనుక్కోమను, ప్యాక్‌లు మారుతుంటాయి, రూములోవాళ్ళ మాట కాదు కంపెనీవాళ్ళ మాట వినాలి.

వీపీఎన్ (మనం ఎక్కణ్ణించి నెట్ వాడుతున్నామో దాచే యాప్) వద్దు. రూములో అందరూ వాడుతున్నారు ఏమైంది అంటారు, నిజమే, చాలామంది వాడుతుంటారు. కానీ అక్కడి సైబర్ చట్టంలో తప్పు పని చేయడానికో దాన్ని దాచడానికో వీపీఎన్ లాంటిది వాడితే 5 లక్షల దిర్హాముల నుంచి 20 లక్షల దాకా జరిమానా, జైలు కూడా ఉండొచ్చు. వీసాకి ఏజెంటుకిచ్చిన అప్పే ఇంకా తీరి ఉండదు, పైన ఇదెందుకు. ఉచిత వీపీఎన్ యాప్‌లలో కొన్ని మన ఫోన్లో ఏముందో చూసే రకం కూడా.

నీకు రాత్రి 9 అయితే ఆయనకి ఏడున్నర, డ్యూటీ నుంచి వచ్చి వంట దగ్గర ఉంటాడు. పదికి చెయ్యి, పిల్లలు పడుకోకపోతే.

ప్రశ్న: రాజమండ్రి. మా ఇంట్లో బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్ ముప్పై ఏళ్ళుగా ఉంది. ప్రైవేట్ ఫైబర్ కనెక్షన్‌తో ఫోన్ కూడా ఇస్తామంటున్నారు. సెల్ నెంబరు పోర్ట్ చేసినట్టు 0883 నెంబరు అక్కడికి తీసుకెళ్ళొచ్చా?

జవాబు: కుదరదండి. మన దేశంలో పోర్టబిలిటీ 2011 జనవరి 20న దేశమంతా వచ్చింది సెల్ నెంబర్లకే, ల్యాండ్‌లైన్‌కి లేదు. పాత నెంబరు కావాలంటే బీఎస్ఎన్ఎల్ వాళ్ళ ఫైబర్‌కే మారి ఇదే నెంబరు దాని మీద ఇవ్వమని అడగండి, ముందుగా అడగాలి, కొత్త కనెక్షన్ ఇచ్చేశాక కాదు.

ఇంకో విషయం, ఎవరి ఫైబర్ అయినా సరే. పాత రాగి తీగ ఫోన్‌కి కరెంటు ఎక్స్‌ఛేంజ్ నుంచే వచ్చేది, 48 వోల్టులు, అందుకే తుఫాను రాత్రి ఊరంతా చీకటైనా ల్యాండ్‌లైన్ మోగేది. ఫైబర్ ఫోన్ అంటే అది కూడా ఇంటర్నెట్ కాలే, ఇంట్లో కరెంటు పోతే డబ్బా ఆరిపోతుంది, ఫోనూ ఆరిపోతుంది. ఇన్వర్టర్ లైనులో పెట్టించండి, లేదా రౌటర్లకి వాడే చిన్న యూపీఎస్ ఒకటి కొనండి.

ప్రశ్న: హైదరాబాద్, కూకట్‌పల్లి. మా ఫ్యామిలీ గ్రూపులో 43 మంది ఉన్నాం. అందరినీ వాట్సాప్ నుంచి అరట్టైకి మార్చేయాలని నిర్ణయించా, మన దేశంది కదా. సగం మంది ఎక్కించుకున్నారు గానీ వారం తిరిగేసరికి మళ్ళీ వాట్సాప్‌లోనే గుడ్ మార్నింగులు. ఎలా మార్చాలి?

జవాబు: నిర్ణయించాను అన్నారు చూడండి, అక్కడే ఉంది అసలు సంగతి. 43 మందిలో మీరు ఒక్కరే నిర్ణయించారు, మిగతా 42 మందికి సమాచారం అందింది అంతే.

ఫోన్ కంపెనీ మారితే అవతలివాళ్ళు మారక్కర్లేదు, జియో నుంచి ఎయిర్‌టెల్‌కి, ఎయిర్‌టెల్ నుంచి అమెరికాలో ఏదో కంపెనీకి, అన్నీ ఒకదానికొకటి కలుస్తాయి, ఎందుకంటే వాటి మధ్య ఒప్పందాలు, రూల్స్ ఉన్నాయి. యాప్‌లు అలా కాదు. అరట్టై నుంచి వాట్సాప్‌కి కాల్ పోదు. మీరు మారాలంటే మీ పెద్దమ్మ కూడా మారాలి, పెద్దమ్మ మారాలంటే ఆవిడ సత్సంగం గ్రూపు మారాలి, పాలబ్బాయి మారాలి, గ్యాస్ బుకింగ్ మారాలి. 2021 జనవరిలో వాట్సాప్ ప్రైవసీ పాలసీ గొడవప్పుడు మా ఇంట్లో కూడా అందరం సిగ్నల్ అనే యాప్‌కి వెళ్ళాం, కొత్తింటి గృహప్రవేశంలా రెండు రోజులు సందడి, తర్వాత అక్కడ నేనూ మా తోడల్లుడూ మిగిలాం. ఆయనతో నాకు అంత మాట్లాడేది కూడా ఏమీ ఉండదు.

అరట్టై మంచిదే, జోహో వాళ్ళది, తమిళంలో ఆ మాటకి కబుర్లు అనే అర్థం, 2025 సెప్టెంబర్ చివర్లో ఒక్కసారిగా జనం ఎగబడ్డారు. ఆడియో వీడియో కాల్స్ రెండూ ఉన్నాయి. కానీ గ్రూపుని మార్చాలనుకోకండి, రోజూ మాట్లాడుకునే ఇద్దర్ని మార్చండి. మీరూ మీ ఆవిడా, లేదా మీరూ మీ అమ్మగారూ. రోజూ సాయంత్రం అమ్మకి కాల్ అందులోంచే చేయండి, నెల తిరిగేసరికి ఆవిడే చిన్నమ్మని దాంట్లోకి లాగుతుంది. వాట్సాప్ గ్రూపు మాత్రం తీసేయకండి, అర్ధరాత్రి ఎవరికైనా బాగోలేదని కబురొస్తే అది అక్కడే వస్తుంది.

ప్రశ్న: నేను చికాగోలో ఎమ్మెస్ చేస్తున్నా. ఇక్కడి సిమ్ తీసుకున్నా గానీ వాట్సాప్ ఇండియా నెంబరు మీదే ఉంది. ఇండియా సిమ్ నాలుగు నెలల్నుంచి రీచార్జ్ చేయలేదు, వాట్సాప్ మాత్రం బాగానే పని చేస్తోంది. ఇలాగే వదిలేయొచ్చా?

జవాబు: వదిలేయకు తమ్ముడూ. ప్రీపెయిడ్ సిమ్ వరుసగా 90 రోజులు ఏమాత్రం వాడకపోతే, బ్యాలెన్స్ 20 రూపాయలైనా లేకపోతే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు, కొన్నాళ్ళకి ఆ నెంబరు ఇంకొకరికి అమ్మేస్తారు. ఆ కొత్తాయన తన ఫోన్లో వాట్సాప్ తెరిచి ఓటీపీ కొట్టిన క్షణం నీది లాగౌట్. మీ నాన్న నీకనుకుని పంపిన ఫీజు రసీదు ఏ కోదాడలోనో ఎవరికో వెళ్తుంది. బ్యాంకు ఓటీపీలు కూడా ఆ నెంబరుకేగా, అది ఇంకా పెద్ద తలనొప్పి.

ఇవాళే మీ ఇంట్లోవాళ్ళ చేత ఆ నెంబరుకి రీచార్జ్ చేయించు, సిమ్ బతికే ఉందో లేదో తెలుస్తుంది. బతికుంటే చిన్న రీచార్జ్‌తో అలాగే నడుపు. లేదూ వదిలేస్తా అంటే ముందు బ్యాంకులో నెంబరు మార్పించుకుని, తర్వాత వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్‌లోకి వెళ్ళి చేంజ్ నంబర్ వాడు, చాట్‌లు, గ్రూపులు అన్నీ కొత్త నెంబరు మీదికి వస్తాయి, కాంటాక్టులకి చెప్పమంటావా అని కూడా అదే అడుగుతుంది. పాత వాట్సాప్ డిలీట్ చేసి కొత్త నెంబరుతో మళ్ళీ మొదలుపెట్టకు, అలా చేస్తే గ్రూపులన్నిటిలో ఎవర్నో ఒకర్ని బతిమాలుకోవాలి. టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ కూడా పెట్టుకో.

ప్రశ్న: విశాఖ. మా బావగారితో మాట్లాడుతుంటే నా మాట నాకే తిరిగి వినపడుతోంది. వాట్సాప్‌లో అంతే, మీట్‌లో అంతే, జూమ్‌లో అంతే. ఆయన ఎప్పుడూ స్పీకర్‌లో పెట్టే మాట్లాడతారు. నేను ఏ యాప్‌కి మారాలి?

జవాబు: మీ మాట మీకు వినపడుతోందంటే అది మీ వైపు లోపం కాదు, మీ గొంతు ఆయన స్పీకర్‌లోంచి బయటికొచ్చి ఆయన మైకులోకి దూరి మీ దగ్గరికి తిరిగొస్తోంది. మూడు యాప్‌లు మార్చినా ఆ స్పీకర్ అదే కదా. ఆయన ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా, కనీసం వాల్యూమ్ సగానికి తగ్గించినా పోతుంది. ఆ మాట బావగారికి చెప్పే పని మాత్రం నాకు అప్పజెప్పకండి.